పాత కారు, కొత్త రబ్బరు, పడని తలుపు

పోయిన నవంబరులో మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ మా ఆవిడని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగిందట. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఎవరో కోపంగా కారు తలుపు విసిరికొడుతున్న చప్పుడు వినిపిస్తోందనీ, అదీ ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లనీ ఆవిడ కంగారు.

కోపం కాదు మహాప్రభో, రబ్బరు!

సంగతేంటంటే, నా దగ్గర ఓ 1977 డాట్సన్ 280జెడ్ ఉంది. సియాటిల్ పక్కన ఉంటాం కాబట్టి ఏడాదిలో సగం రోజులు సన్నగా వాన పడుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో నలభై ఏళ్ళు దాటిన కారు కొనడం ఎంత తెలివైన పనో మా ఆవిడ ఇప్పటికే వివరంగా చెప్పింది, మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు :)

ఈ కారు గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1969 అక్టోబరులో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ అన్న పేరుతో వచ్చింది. అమెరికాలో అమ్మకాలు చూస్తున్న యుటాకా కటయామా గారికి ఆ 'ఫెయిర్‌లేడీ' పేరు ససేమిరా నచ్చలేదు. ఇక్కడ దాన్ని 240జెడ్ అన్నారు. తర్వాత 260, ఆ తర్వాత 1975 నుంచి 1978 దాకా 280. రెండే సీట్లు, పొడుగాటి బానెట్, ఆరు సిలిండర్ల ఇంజను, వెనక పైకి లేచే డిక్కీ తలుపు. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల అందం కావాలి గానీ వాటి రిపేర్ల గోల వద్దనుకున్నవాళ్ళంతా ఎగబడి కొన్నారు. ఈ మొదటి తరం జెడ్‌లు మొత్తం ఐదు లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. అంటే ఇదేదో ప్రపంచంలో పది మాత్రమే ఉన్న రాజుగారి కారు కాదన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను కొన్నప్పుడు ఇంజను బానే ఉంది, తుప్పు కూడా ఫర్వాలేదు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు మాత్రం ఎండిన చింతతొక్కులా అయిపోయింది. గోటితో గీస్తే పొడి రాలేది. వాన పడితే డ్రైవరు వైపు తలుపు పైమూల నుంచి సరిగ్గా నా ఎడమ తొడ మీద చుక్క చుక్కగా పడేది. ఆఫీసుకెళ్ళి దిగితే ప్యాంటు మీద ఒక్క చోటే తడి. దాన్ని ఎలా వివరించాలో నాకు తెలిసేది కాదు.

తడి సంగతి వదిలేయండి. అసలు గొడవ పొగ. ఈ కారులో అరగంట ప్రయాణం చేస్తే బట్టలకి సైలెన్సర్ వాసన పట్టేది. ఒకసారి గంటన్నర హైవే మీద వెళ్ళొచ్చాక మా ఆవిడ తలనొప్పని పడుకుంది. నేనేమో "నిద్ర సరిపోలేదేమో" అన్నా. ఆ రాత్రి పడుకున్నాక అనుమానమొచ్చి, కార్బన్ మోనాక్సైడ్ చూపించే చిన్న మీటరు ఒకటి తెప్పించా. మర్నాటి వారం అదే రోడ్డు మీద ఒక్కణ్ణే వెళ్ళి చూస్తే 41 పీపీఎం చూపించింది. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఎనిమిది గంటల సగటు 35 దాటకూడదని ఇక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. మేం తిరిగేది ఎనిమిది గంటలు కాదు, నిజమే. కానీ ఆ రోజు తలనొప్పొచ్చిన మనిషికి "నిద్ర సరిపోలేదు" అని చెప్పింది నేనేగా. అప్పట్నుంచి ఈ రబ్బరు నాకు సరదా పనిగా మిగల్లేదు.

తలుపు రబ్బరుకీ వెనక పొగకీ సంబంధమేంటి అంటారా? కారు వేగంగా పోతుంటే పక్క అద్దాల బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది. తలుపు పైఅంచులో సందుంటే లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. పోయిన గాలి బదులు ఇంకో గాలి ఎక్కడ్నుంచో రావాలి కదా, అది వెనక డిక్కీ తలుపు సందుల్లోంచి వస్తుంది. ఈ కారు తోక ఆకారానికి సరిగ్గా అక్కడే గాలి సుడులు తిరుగుతూ సైలెన్సర్ పొగని పట్టుకుని ఉంటుంది. ఈ కార్లు నడిపేవాళ్ళు అద్దాలు దించితే పొగొస్తుందని చెప్పేది అందుకే. తలుపు రబ్బరు చచ్చిపోతే ఆ అద్దం ఎప్పుడూ కొంచెం దించి ఉన్నట్టే లెక్క. కాబట్టి డిక్కీ రబ్బరు ఒక్కటీ మారిస్తే సరిపోదు, తలుపులవి కూడా మార్చాలి.

సరే, ఇంతేగా, కొత్తది కొని వేసేద్దాం అనుకున్నా. ఇక్కడ్నుంచీ మొదలైంది.

డీలరు కౌంటర్లో అడిగితే పార్టు నంబరు కొట్టి చూసి, ఆగిపోయిందన్నారు. బయట కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు. కేటలాగులో "1970 నుంచి 1978 దాకా అన్ని జెడ్‌లకీ సరిపోతుంది" అని ఉంది. రెండొందల డాలర్లకి పైనే. తెప్పించా. శనివారం పొద్దున్న కూర్చుని పాతది పీకి, రేకు అంచు మీది తుప్పూ పాత జిగురూ గీకి, కొత్తది ఎక్కించా. మధ్యాహ్నానికి పని అయిపోయింది. చూడ్డానికి షోరూం నుంచి వచ్చినట్టుంది. ఫోటోలు కూడా తీసి ఇంటికి పంపా.

తర్వాత తలుపు వేశా. పడలేదు.

కొంచెం గట్టిగా వేశా. పడలేదు. ఇంకా గట్టిగా విసిరితే మొదటి మెట్టు దాకా వెళ్ళి ఆగింది. మొత్తం బలం పెడితే పడింది గానీ, తలుపు వెనకంచు పక్క రేకు కంటే అర సెంటీమీటరు బయటికి పొడుచుకొచ్చింది. పక్కింటావిడకి వినిపించిన చప్పుళ్ళు అవే.

అమ్మినవాళ్ళకి రాశా. "కొన్ని వారాలకి సెట్ అవుతుంది, తలుపు మూసి ఎండలో ఉంచండి" అన్నారు. సియాటిల్ నవంబరులో ఎండ! సరే అని ఆరు వారాలు ఆగా. ఏమీ మారలేదు. మళ్ళీ రాస్తే వచ్చిన జవాబు: "మా కేటలాగు ప్రకారం మీ కారుకి అది సరైన పార్టే."

ఈ వాక్యం చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆ మంట తగ్గాక సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా ఇదే వాక్యం మూడేళ్ళ కిందట నేను ఇంకో టీము వాళ్ళకి రాశాను. మా దగ్గరి పాత సర్వీసు ఒకటి తీసేసి దాని బదులు కొత్తది పెట్టా. పాతది తేదీల్ని లోకల్ టైములో ఇచ్చేది, ఆ సంగతి డాక్యుమెంట్లో ఎక్కడా లేదు. కొత్తది పద్ధతిగా యూటీసీలో ఇచ్చింది. వాళ్ళ రిపోర్టులు ఒక రోజు తేడాగా రావడం మొదలైంది. వాళ్ళు గోల పెడితే "డాక్యుమెంట్ ప్రకారం మాది కరెక్టే" అని రాసి టికెట్ మూసేశా. నా రబ్బరు కూడా బాగా కొత్తగా, నిగనిగలాడుతూనే ఉంది. వాళ్ళ తలుపు మాత్రం పడలేదు.

ఇంత జరిగాక బాబాయికి ఫోన్ చేశా. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుంది. ముప్ఫై ఏళ్ళుగా లారీలకీ కార్లకీ బీడింగులూ, గ్యాస్కెట్లూ అమ్ముతున్నాడు. (మన దగ్గర దీన్ని డోర్ బీడింగు అంటారు.)

"ఏరా, పాత ముక్క ఉందా పారేశావా?" అన్నాడు మొదటి మాటే.

"పారేశా బాబాయ్. కొత్తది బాగుంది కదా అని..."

"చదువుకున్నోడివి! మా దగ్గరికి క్లీనరు కుర్రాడొచ్చినా పాత ముక్క చేతిలో పట్టుకునే వస్తాడురా. నంబరెవడిక్కావాలి, ముక్క చూపిస్తే చాలు."

అదృష్టం బావుండి కుడివైపు తలుపుది ఇంకా పీకలేదు. ఆటోనగర్‌లో ఎవరూ పార్టు నంబరు అడగరు. పాత ముక్క తెచ్చావా అని అడుగుతారు. దాన్ని వేళ్ళతో నొక్కి, కోసిన చివర చూసి, గోడకి వేలాడుతున్న పాతిక చుట్టల్లోంచి ఒకటి లాగి, జానెడు కోసి చేతిలో పెట్టి "పోయి పెట్టి చూసిరా" అంటారు. ఎంత గొప్ప పద్ధతో నాకు అమెరికాలో కూర్చుంటే గానీ తెలిసిరాలేదు. కొనకముందే టెస్టింగు!

కుడివైపుది జాగ్రత్తగా పీకి, బ్లేడుతో అడ్డంగా కోసి, ఫోటో తీసి పంపా. బాబాయి చూసి ఇంకో మాట చెప్పాడు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. "దీని నోరు చూసి కొలత తీసుకో, బుడగ చూసి తీసుకోకు. బుడగ చచ్చిపోయింది."

తలుపు రబ్బరులో రెండు భాగాలుంటాయి. రేకు అంచుని కరిచి పట్టుకునే నోరు ఒకటి. లోపల సన్నటి లోహపు పట్టీ ఉండి గట్టిగా ఉంటుంది. రెండోది దాని పక్కన గొట్టంలా బోలుగా, స్పాంజిలా మెత్తగా ఉండే బుడగ. తలుపు మూసినప్పుడు నలిగి సందు పూడ్చేది ఇదే. నోరు నలభై ఏళ్ళైనా పెద్దగా మారదు. బుడగ అలా కాదు, నలిగి నలిగి అలాగే ఉండిపోతుంది. రబ్బరు వాళ్ళ భాషలో దీన్ని కంప్రెషన్ సెట్ అంటారు. నొక్కి వదిలాక ఎంత శాతం తిరిగి లేవకుండా ఉండిపోయిందో కొలవడానికి ఏఎస్‌టీఎం డీ395 అని ఓ పరీక్ష కూడా ఉంది. అది తక్కువుంటే మంచి రబ్బరు. మరి "కొన్ని వారాలకి సెట్ అవుతుంది" అంటే అర్థం ఏంటి? మా రబ్బరు చెడిపోయే దాకా ఆగండి, అప్పుడు సరిపోతుంది అని! మన భాషలో చెప్పాలంటే అది ఫీచర్ కాదు, బగ్గే.

చాలామంది తయారీదార్లు ఎక్కడ దెబ్బతింటారో కూడా దీన్నిబట్టి ఊహించొచ్చు. ఒరిజినల్ డ్రాయింగ్ లేనప్పుడు ఏదో ఒక పాత ముక్కే ఆధారం. అది నలిగిపోయిన ముక్క. కొత్తలో ఎంత లావుండేదో, ఎంత మెత్తగా ఉండేదో అందాజాగా పెంచుకోవాలి. అందాజాలో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు. తలుపు చుట్టుకొలత మొత్తం మీద ఆ మిల్లీమీటరు నలగాలంటే మనిషి భుజం ఊడుతుంది. గట్టిదనం కూడా అంతే. ఇప్పుడు అందరూ వాడేది ఈపీడీఎం రబ్బరు. ఎండకీ ఓజోనుకీ తట్టుకుంటుంది కాబట్టి పాతకాలం రబ్బరు కంటే ఎంతో నయం. కానీ ఈపీడీఎం అంటే ఒకటే రకం కాదు. స్పాంజి ఈపీడీఎం దూదిలా నలుగుతుంది, నిండు ఈపీడీఎం చెప్పు అడుగులా ఉంటుంది. కేటలాగులో "మేలురకం ఈపీడీఎం" అని రాస్తే మనకి తెలిసేదేమీ లేదు. "డేటాబేస్ వాడాం" అని చెప్పినట్టుంటుంది.

ఇంకో చిన్న విషయం. బుడగలో లోపలి గాలి బయటికి పోవడానికి అక్కడక్కడా చిన్న చిల్లులుండాలి. నేను కొన్నదానికి లేవు. సూదితో పొడిచి చూశా. కాస్త తగ్గింది, కానీ తలుపు పడేంత కాదు.

రెండో చోట ఇంకోటి కొన్నా. ఇది మరీ మెత్తన. తలుపు వేలితో తోస్తే పడింది. పండగ చేసుకున్నా. మర్నాడు వాన. మళ్ళీ అదే ఎడమ తొడ మీద అదే చుక్క. మీటర్లో 33.

అప్పటికి బుద్ధొచ్చింది. రబ్బరు సంగతి తర్వాత, ముందు అసలు సందెంతో కొలుద్దాం అనుకున్నా. మొదటి రోజే చేయాల్సిన పని! పిల్లలు ఆడుకునే రంగుల మట్టి డబ్బా ఒకటి కొని, రబ్బరంతా పీకేసి, రేకు అంచు పొడుగునా పన్నెండు చోట్ల గోళీకాయంత ముద్దలు పెట్టి, మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, తలుపు మెల్లగా మూసి తీశా. ఒక్కో ముద్దా ఎంత మందంగా నలిగిందో కాలిపర్‌తో కొలిచా. హింజిల వైపు 8 మిల్లీమీటర్లు, వెనకంచులో 10, పైమూలలో 13! అంటే నా తలుపు ఫ్రేము పైన కొంచెం బయటికి వంగి ఉందన్నమాట. ఏ రబ్బరు వేసినా ఒకేసారి 8కీ 13కీ న్యాయం చేయలేదు. ముందు హింజిలు సర్ది, లాకు తగులుకునే స్ట్రైకర్ని జరిపి, పైఫ్రేముని కింద చెక్కముక్క పెట్టి చేత్తో మెల్లగా లోపలికి వంచా. మళ్ళీ మట్టి, మళ్ళీ కొలత. మూడు శనివారాలు పట్టింది. చివరికి అన్ని చోట్లా 9 నుంచి 10.5 మధ్యకి వచ్చింది. కాబట్టి మొదటి రబ్బరు అమ్మినవాళ్ళని మరీ తిట్టుకోవడం కూడా అన్యాయమే, తప్పులో కొంత వాటా నా తలుపుదే. మళ్ళీ వేసి చూశా. అప్పటికీ అది లావే అయింది, కానీ ముందున్నంత దారుణంగా లేదు.

ఇక మిగిలింది మధ్యరకం రబ్బరు. అది మా ఊరికి నలభై మైళ్ళ దూరంలో ఉండే ఓ పెద్దాయన దగ్గర దొరికింది. రబ్బరు కాదు, సమాధానం. ఆయన రిటైరైన మెషినిస్టు, మూడు జెడ్‌లున్నాయి. ఆయన కారు తలుపు వేస్తే "టప్" అని బుద్ధిగా పడింది. ఏ కంపెనీది అండీ అన్నా. నవ్వి, "కియా స్పోర్టేజ్" అన్నాడు.

నేను జోకనుకున్నా. కాదు. మొదటి తరం కియా స్పోర్టేజ్, అంటే 1990లలో వచ్చిన నాలుగు తలుపుల జీపు లాంటి బండి. దాని తలుపు రబ్బరు నోరూ బుడగా ఈ జెడ్‌కి చక్కగా సరిపోతాయట. ఇది ఎవడో ఒక మహానుభావుడు ఎప్పుడో కనిపెట్టాడు, జెడ్‌లున్నవాళ్ళలో నోటినోటా పాకింది. జపాన్‌లో 1969లో పుట్టిన స్పోర్ట్స్ కారుకి, పాతికేళ్ళ తర్వాత కొరియాలో వేరే కంపెనీ చేసిన బండి బీడింగు!

పార్టుల కౌంటర్లో కుర్రాడు "మీ స్పోర్టేజ్ ఏ సంవత్సరం?" అంటే "నాకు స్పోర్టేజ్ లేదు" అన్నా. వాడు నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తెచ్చి, ముందు జానెడు మాత్రం ఎక్కించి, తలుపు వేసి చూసి (ఆటోనగర్ పద్ధతి!), తర్వాత మొత్తం ఎక్కించా. పొడవు సరిచేసి జాయింటు కింద గుమ్మం దగ్గరికి తెచ్చా, నీళ్ళు పైనుంచి వస్తాయి కాబట్టి. చుట్టూ పదిచోట్ల కాగితం పట్టీ పెట్టి తలుపు మూసి లాగి చూశా. అన్నిచోట్లా ఒకేలా బిగువుగా వచ్చింది. డిక్కీ రబ్బరూ, వెనక లైట్ల గ్యాస్కెట్లూ కూడా మార్చాక అదే హైవే మీద అదే వేగంతో మీటరు 7 దాటలేదు. ఆ తర్వాతే మా ఆవిణ్ణి ఎక్కమన్నా. మీటరు చూపించి ఆనాటి తలనొప్పి గురించి క్షమాపణ కూడా చెప్పా. "నిద్ర సరిపోలేదన్నావుగా" అంది. అంతే.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, ఈ కథ సుఖాంతమే గానీ నాకు తృప్తిగా లేదు. కారణాలు రెండు.

మొదటిది. ఆ స్పోర్టేజ్ తరం కూడా అమెరికాలో 2002 మోడల్‌తో ఆగిపోయింది. దాని రబ్బరు కూడా ఏదో ఒక రోజు ఆగిపోతుంది. నా పరిష్కారం ఇంకో చచ్చిపోతున్న లైబ్రరీ మీద ఆధారపడి ఉందన్నమాట. మనలో ఎంతమందికి ఈ పరిస్థితి కొత్త?

రెండోది. ఐదు లక్షల కార్లు అమ్ముడైన మోడలు గురించి, దాని తలుపు రబ్బరు అడ్డుకోత కొలతలు ఎక్కడా బహిరంగంగా నా కంటపడలేదు. ఒక్క కాగితం చాలు. నోరు ఎంత మందం రేకుని పట్టాలి, బుడగ నలగనప్పుడు ఎంత, గట్టిదనం షోర్ లెక్కలో ఎంత, తలుపుకి రేకుకి మధ్య ఉండాల్సిన సందెంత, గాలి చిల్లులు ఎంతెంత దూరంలో. ఐదారు అంకెలు. అవి లేక ఎంతమంది నాలాగా డబ్బూ శనివారాలూ ఊపిరితిత్తులూ పాడుచేసుకున్నారో.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఏ కార్ల కంపెనీ అయినా ఒక పార్టు తయారుచేయడం మానేసిన రోజు దాని డ్రాయింగ్ అందరికీ ఇచ్చేయాలి. అమ్ముకుంటున్నన్నాళ్ళు దాచుకోండి, తప్పులేదు. అమ్మడం మానేశాక దాచుకోవడం దేనికి?

అభ్యంతరాలు నాకూ తెలుసు. "అది మా రహస్యం" అంటారు. పేటెంటు గడువు 20 ఏళ్ళు. 1977 నాటి కారులో పేటెంటు కింద మిగిలిన రహస్యం ఏదీ లేదు. "డ్రాయింగ్ చూసి ఎవడో నాసిరకం చేసి ప్రమాదమైతే మా మీద కేసు వేస్తారు" అంటారు. బ్రేకులకీ స్టీరింగుకీ ఈ భయం ఉంటే అర్థముంది, ఒప్పుకుంటా. వాటిని పక్కన పెట్టండి, రబ్బర్లతో మొదలుపెట్టండి. పైగా డ్రాయింగ్ లేకుండా నాసిరకం ఎలాగూ తయారవుతూనే ఉంది, నేను పీల్చిన పొగ సాక్షి. "డ్రాయింగు మా దగ్గర లేదు, సప్లయరు దగ్గర ఉండేది, వాడు మూసేశాడు" అంటారు. ఇది మాత్రం గట్టి అభ్యంతరమే. అందుకే నలభై ఏళ్ళ తర్వాత కాదు, మానేసిన రోజే ఇమ్మంటున్నా. "ఇప్పుడు త్రీడీ స్కానర్లున్నాయిగా" అని మనవాళ్ళే అంటారు. స్కానర్ ఆకారం చెప్తుంది. నలిగిన ముక్కని స్కాన్ చేస్తే నలిగిన ఆకారమే వస్తుంది. మెత్తదనం స్కానర్‌కి కనబడదు.

అసలు కంపెనీలకి చేతకాని పనా అంటే అదీ కాదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు పాత అచ్చులతోనే ఎంజీబీ కారు బాడీలు మొత్తంగా కొత్తవి తయారుచేశారు. మాజ్దా వాళ్ళు 2017లో తమ మొదటి తరం రోడ్‌స్టర్ కార్లని బాగుచేసే పథకం ప్రకటించి, ఆగిపోయిన పార్టులు మళ్ళీ చేయించారు, టైర్లతో సహా. అదే ఏడాది నిస్సాన్ వాళ్ళ నిస్మో విభాగం ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ పార్టులు మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. మంచి పనులే, దణ్ణం పెడతా. కానీ అందరూ ముద్దుచేసే నాలుగైదు మోడళ్ళకే ఈ భాగ్యం. తయారుచేసి అమ్మమని నేను అడగట్లేదు, అది ఖర్చు. కాగితం ఇమ్మంటున్నా.

మసాచుసెట్స్ ఓటర్లు 2012లో కార్ల రిపేరు హక్కు చట్టానికి ఓటేశారు. మన దేశంలో 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది. సంతోషం. కానీ అమెరికాలో కార్ల విషయంలో ఈ చర్చంతా డయాగ్నొస్టిక్ డేటా, సాఫ్ట్‌వేర్ తాళాల చుట్టూనే తిరుగుతోంది. అవి మనలాంటివాళ్ళకి కనబడే సమస్యలు కాబట్టి. ఓ రబ్బరు ముక్క కొలత కూడా సమాచారమేనని ఎవరికీ తట్టినట్టు లేదు.

"డబ్బున్నోడి సరదా, నువ్వూ నీ స్పోర్ట్స్ కారూ" అని మీలో కొందరు ఈపాటికి అనుకునే ఉంటారు. సరదా అన్నమాట నిజమే. కానీ మీ నాన్నగారి పాత కారుకో, పదేళ్ళనాటి ఫ్రిజ్ తలుపుకో రబ్బరు వెతికి చూడండి, ఇదే కథ. తేడా ఏంటంటే వాళ్ళకి ఆటోనగర్ ఉంది, నాకు లేదు. అదైనా ఎన్నాళ్ళు? బాబాయి షాపులో ఆ పాతిక చుట్టల్లో ఏది దేనికి పనికొస్తుందో ఎక్కడా రాసిలేదు. అంతా ఆయన వేళ్ళలో ఉంది. మొన్న ఫోన్లో ఇదే అంటే, "రాస్తే నన్నెవడు అడుగుతాడ్రా?" అన్నాడు. కార్ల కంపెనీలని అడిగినంత ధైర్యంగా దీనికి జవాబు చెప్పలేకపోయా. ఆయనకది బతుకుతెరువు. ఆ కంపెనీలకి మాత్రం మానేసిన పార్టు మీద ఏ తెరువూ లేదు.

ఇహ నా వంతు నేను చేసింది రెండు పనులు. ఆఫీసులో ఆ పాత సర్వీసు నిజంగా ఎలా ప్రవర్తించేదో (డాక్యుమెంట్లో ఉన్నట్టు కాదు) రెండు పేజీలు రాసి, ఆ టీము వాళ్ళకి పంపి, మూడేళ్ళు ఆలస్యంగా సారీ చెప్పా. "ఇప్పుడెందుకు?" అని జవాబొచ్చింది. న్యాయమైన ప్రశ్నే.

రెండోది, కుడివైపు తలుపు పాత రబ్బరు ముక్క, కొత్తది జానెడు ముక్క, మట్టి ముద్దల కొలతలు రాసిన కాగితం, అన్నీ ఒక జిప్ కవర్లో పెట్టి కారు డ్యాష్‌బోర్డు అరలో పడేశా. నా తర్వాత ఈ కారు ఎవరు కొంటారో తెలియదు. వాళ్ళ తలుపు పడకపోతే, కనీసం పాత ముక్కైనా చేతిలో ఉంటుంది.

మీరు కూడా కొత్తది వేసిన ఉత్సాహంలో పాత ముక్క పారేయకండి. ఏమంటారు?